పాచికలు ఎవరి చేతిలో?

జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం. ఆ సందర్భంగా ఈ వారం కనకమ్మ సత్రంలో, తిరుత్తణి రోడ్డు మీది టీకొట్టు దగ్గర, శరణార్థుల కష్టాలను పిల్లలకు తెలియజెప్పే బోర్డు గేముల ప్రస్తావన వచ్చింది. ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఏంది సార్, ఒకరి గోడు ఇంకొకరికి ఆటా?" అన్నాడు. ఈ కాలమ్ రాసే మనిషికి ఆ మాట చివుక్కుమనిపించింది.

ఆటంటే పొద్దుపోక చేసే పని అన్న చులకన మీద ఈ కాలమ్‌ది పాత పోరు. వైకుంఠపాళి పేరు ఇక్కడ ఎన్నిసార్లు వచ్చిందో పాఠకులకు తెలుసు. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారంలో పటం పరిచి గవ్వలు వేసిన ఇళ్ళలో పాపం, పుణ్యం గురించి పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చేవారు కాదు. పరమపదం దగ్గర కాచుకున్న పెద్దపాము కాయను మింగి అట్టడుక్కి దించినప్పుడు పిల్లవాడు బిక్కమొహం వేసేవాడు. చదివితే అంటని విషయం అప్పుడు అంటేది.

అమెరికాలో ఆటలు తయారుచేసే బ్రెండా రొమేరో ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆఫ్రికా నుంచి బానిసలను ఓడల్లో తరలించిన చరిత్రను ఆమె చిన్న కూతురు బడిలో విని వచ్చింది. విన్నదేదో అప్పజెప్పి ఆడుకోవడానికి వెళ్ళబోయింది. తల్లి ఆపి, చిన్న చిన్న బొమ్మలిచ్చి రంగులు వేయమంది. పిల్ల వాటిని కుటుంబాలుగా జతచేసుకుంది. తల్లి దొరికినవాటిని దొరికినట్టు తీసి పడవలో పెట్టింది. ఒక పసిబిడ్డ ఒడ్డునే ఉండిపోయింది. సముద్రం దాటాలంటే పది వంతులు, తిండి ముప్ఫై పాళ్ళు. పాచిక మీద ఎంత పడితే అంత తిండి ఖర్చు. సగం దారిలోనే పిల్లకు లెక్క తెలిసిపోయింది. మిగిలిన తిండి అందరికీ చాలదు.

అక్కడ పాచికలోనే నిజం ఉంది. కష్టపడి సరైన నిర్ణయాలు తీసుకుంటే గట్టెక్కొచ్చని చెప్పే ఆటలు శరణార్థుల విషయంలో అబద్ధమాడతాయి. వైకుంఠపాళిలోనూ పాములకు పాపాల పేర్లుంటాయి. 1983లో తమిళుల మీద జరిగిన దాడుల్లో ఇల్లు కాలిపోయి శ్రీలంక నుంచి పడవెక్కినవాళ్ళు ఏ పాపం చేశారు?

అందుకే పాపపుణ్యాల పేర్లు తీసేసి, అలా వచ్చిన లంక తమిళులుండే గుమ్మిడిపూండి శిబిరం పేరుతో కొత్త వైకుంఠపాళి గీయాలని ఈ కాలమ్‌కి ఉబలాటం పుట్టింది. గుమ్మిడిపూండి ఎక్కడో లేదు, మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఉంది. సరిహద్దు గీత సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు కూడా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనుషులు కదల్లేదు, సరిహద్దు కదిలింది. పొలం, బావి, ఓటు చేతిలోనే ఉన్నాయి.

శిబిరంలో ఆ మూడూ లేవు. నెలనెలా ప్రభుత్వం ఇచ్చే నగదు, రిజిస్టర్లో హాజరు ఉన్నాయి. శరణార్థుల గురించిన 1951 అంతర్జాతీయ ఒప్పందం మీద భారత్ సంతకం పెట్టలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం వర్తించే దేశాల జాబితాలో శ్రీలంక లేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం శరణార్థి శిబిరం అనే పేరు తీసేసి పునరావాస శిబిరం అంది. మంచి పనే. కానీ అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. ఇన్నేళ్ళ ఎదురుచూపు ఏ పటంలో పడుతుంది? గవ్వలు వేసిన అరగంటకి మనం లేచి అన్నానికి వెళ్తాం.

రొమేరోదే 2009 నాటి 'ట్రైన్' అనే ఆట దారి చూపిస్తుంది. అందులో ఆటగాళ్ళు పసుపు బొమ్మల్ని రైలు పెట్టెల్లో కుక్కి గమ్యం చేరుస్తారు. చేరాక కార్డు తిప్పితే ఆష్విట్జ్ లాంటి నాజీ శిబిరం పేరు బయటపడుతుంది. గెలవాలని ఆడినవాడు తన చేతులు ఏం చేశాయో అప్పుడు చూసుకుంటాడు.

మనకు కావలసింది అలాంటి ఆట. బాధితుడి చెప్పుల్లో కాళ్ళు పెట్టనక్కర్లేదు, ఆ చెప్పులు మనవి కావు. మనది రిజిస్టరు ముందున్న కుర్చీ, లేదా అద్దెకు గది అడిగితే గుమ్మంలో నిలబడి చూసే ఇంటాయన చూపు. ఆటగాణ్ణి అక్కడ కూర్చోబెట్టి కార్డు తీయించాలి: కూతురి కాలేజీ ఫీజు కోసం తండ్రి చెన్నైలో పెయింటింగ్ పనికి వెళ్ళాడు, హాజరు వేళకి రాలేదు, పేరు కొట్టేస్తావా? ఆ కార్డులు రాయాల్సింది శిబిరంలో పెరిగినవాళ్ళు. రాసినందుకు వాళ్ళకు డబ్బు ముట్టాలి.