ఒకే వేదిక, రెండు శాలువాలు

ఈ వారం మా ఊళ్లో జరిగిన సన్మాన సభ నాకు మింగుడుపడలేదు. ఒకే మంత్రిగారి చేతుల మీదుగా ఒక విలేకరికీ, ఒక తోలుబొమ్మలాట కళాకారుడికీ శాలువాలు కప్పారు. రేపు ఆ మంత్రిగారి శాఖలో బిల్లుల సంగతి తవ్వాల్సింది ఆ విలేకరే.

ఈ కాలమ్‌లో నా పాత పాటే మళ్లీ: సర్కారు అవార్డు విలేకరి పుచ్చుకోకూడదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వైఎస్సార్ జీవిత సాఫల్య పురస్కారాన్ని పాత్రికేయుడు పి.సాయినాథ్ వద్దన్నారు. పది లక్షల రూపాయల పురస్కారమది. విలేకరులు ప్రభుత్వానికి బయటి ఆడిటర్లు. తాము రాసే, విమర్శించే ప్రభుత్వం నుంచి బహుమతి తీసుకోకూడదన్నది ఆయన మాట. అనంతపురం రైతుల చావుల గురించి రాసిన మనిషి అలా అనడంలో న్యాయముంది. 2007లో ఆయన మెగసెసే అవార్డు తీసుకున్నారు. అది ఆయన నిలదీయాల్సిన ప్రభుత్వం ఇచ్చింది కాదు.

ఆ లెక్కన ప్రభుత్వ పురస్కారాలన్నీ ఎత్తేయమని రాద్దామనుకున్నాను. తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట గుర్తొచ్చి కలం ఆగింది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు పారేంత పలచన చేసి, రంగులద్ది, కీళ్లు కట్టి, తెర వెనుక రామాయణం నడిపించే విద్య అది. ఆటలు తగ్గాక అవే చేతులు దీపాలకు తోలు షేడ్లు చేసి పొట్టపోసుకుంటున్నాయి. ఆ పద్మశ్రీని కాదనమని ఏ నోటితో చెప్పను?

చిన్నప్పుడు తెల్లవార్లూ చూసిన ఆటల్లో నాకు రాముడికన్నా నవ్వించే బొమ్మ కేతిగాడే ఇష్టం. తోటి హాస్యపాత్ర బంగారక్కతో పోట్లాడుతూనే, ముందు వరసలో కూర్చున్న మునసబు మీద కూడా ఓ విసురు విసిరేవాడు. మునసబు నవ్వి ఊరుకునేవాడు. ఆ ఆట ఆయనొక్కడి డబ్బుతో పెట్టించింది కాదు. ఊరంతా తలా ఇంత వేసుకుని ఆడించింది. కేతిగాడి ధైర్యం అక్కడిది. ఆడిటరు పని విలేకరి ఒక్కడిదే అనుకోవడం తప్పు. కేతిగాడూ ఆ పని చేశాడు.

అందుకే ఇప్పుడు నా గొడవ శాలువాతో కాదు. కానీ ఏడాదికి ఒకరిని పిలిచి కప్పే శాలువా కళాకారులందరికీ కూడు పెట్టదు. ప్రభుత్వం పురస్కారాల డబ్బుతో ప్రతి మండలంలో తోలుబొమ్మలాట ఆడించాలి, కేతిగాడి నోటికి అడ్డు పడకూడదు. విలేకరి సంగతి సర్కారుకు వదలొద్దు. అతన్ని నిలబెట్టాల్సింది పాఠకులు, తలా ఇంత వేసుకుని. నచ్చిన పత్రికకు ఈ నెలే చందా కట్టండి.