ఎడమకాలికి సెలవు

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల అభిమానుల్లో ఒక మడి ఉంది. సీటు తోలు చిరిగినా, టాపులోంచి వాన కారినా, రాత్రి నిలబెట్టిన చోట పొద్దున్నకి ఆయిలు మరక కనిపించినా మురిసిపోతారు. ఆటోమేటిక్ అనగానే మాత్రం ముఖం తిప్పుకుంటారు. స్పోర్ట్స్ కారంటే క్లచ్ తొక్కాలి, గేరు రాడ్ అరచేతికి తగలాలి, మలుపు ముందు ఒక గేరు దించి ఇంజను చేత అరిపించాలి. కొన్ని బండ్ల విషయంలో వాళ్ళ మాట ముమ్మాటికీ నిజం. ఎంజీబీకి 1967లో ఆటోమేటిక్ పెట్టి చూశారు. 1973 దాకా తయారైనవి 1737. నాలుగు సిలిండర్ల ఆ ఇంజనుకున్న కాస్త చురుకునీ ఆ గేర్‌బాక్సు మింగేసింది. హుషారు పోయాక ఎంజీబీలో మిగిలేది అందమైన రేకే.

ట్రయంఫ్ స్టాగ్ జాతి వేరు. ఆ కారును ఆటోమేటిక్‌లో నడిపితేనే దాని అందం పూర్తిగా పైకొస్తుందని నా నమ్మకం.

ముందు రూపం చూడాలి. గీసినవాడు ఇటలీలోని ట్యూరిన్ నగరపు జొవాన్ని మికెలొట్టి. ఆయన గీత మనకు కొత్తది కాదు. ఒకప్పుడు మన ఊళ్ళలో తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్, ఆయన గీసిన ట్రయంఫ్ హెరాల్డే. మద్రాసులో తయారై వచ్చేది. అదే చెయ్యి 1960ల మధ్యలో ట్రయంఫ్ 2000 అనే నాలుగు తలుపుల బండిని కురచ చేసి, పైకప్పు లేకుండా, ప్రదర్శన కోసమని ఒక కారు తయారుచేసింది. ట్రయంఫ్ ఇంజనీర్ల పెద్ద హ్యారీ వెబ్‌స్టర్ దాన్ని చూశాడు. చూసినవాడు వదల్లేదు, కంపెనీకి కావాలన్నాడు. ఆ సరదా బండే 1970లో స్టాగ్‌గా బజారుకెక్కింది.

పక్కనుంచి చూస్తే ముందు లైటు దగ్గర మొదలైన గీత వెనక లైటు దాకా దాదాపు సూటిగా పోతుంది, వెనక చక్రం మీదికి వచ్చినప్పుడు మాత్రం చిన్నగా భుజం ఎగరేస్తుంది. జాగ్వార్ ఈ-టైపులో ఉన్న కామం ఇందులో లేదు. ఈ-టైపు ఒంటిని చూపిస్తుంది, స్టాగ్ నిలుచున్న తీరు చూపిస్తుంది. రెండేసి గుండ్రటి లైట్లు గ్రిల్లు లోపలికి కొంచెం జరిగి కూర్చున్నాయి, కనుబొమల నీడలో కళ్ళలాగా. పైకప్పు తీసేస్తే సీట్ల వెనక ఒక అడ్డకమ్మీ, దాని మధ్యనుంచి ముందు అద్దం దాకా ఇంకో కమ్మీ కనిపిస్తాయి. తల తెగిన బండి ఒంకర్లు పోకుండా బలం కోసం పెట్టినది. అందాన్ని పాడుచేసిందని కొందరంటారు. నాకలా అనిపించదు. అది లేకపోతే స్టాగ్ మరో ఓపెన్ కారు అయ్యేది. ఉండబట్టి ఆకాశానికి ఒక చట్రం వచ్చింది. 1971 నాటి 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' సినిమాలో షాన్ కానరీ పసుపు స్టాగ్‌లో డోవర్ రేవుకు వస్తాడు. ఆ కాసేపట్లోనే ఈ కారు వైఖరంతా తెలుస్తుంది. ఎవరినీ తరమదు, ఎవరికీ భయపడదు.

ఇప్పుడు అసలు సంగతి: ధ్వని. 2997 సీసీ, ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో వీ ఆకారంగా కూర్చుంటాయి. ఒక్కో వరసలోని సిలిండర్లు సమానమైన ఎడంతో పేలవు. ఒకటి తొందరపడుతుంది, ఒకటి ఆలస్యం చేస్తుంది. ఆ ఎగుడుదిగుడు లయే వెనక గొట్టాల్లోంచి గుడగుడమని బైటికి వస్తుంది. అమెరికన్ బండ్లలో ఇదే లయ గర్జన అవుతుంది. స్టాగ్ గొంతు అంత బరువైంది కాదు. ఛాతీలో పుట్టి పెదవి దగ్గర ఆగే నవ్వు అది. ఆ కాలపు బ్రిటన్‌లో ఇంతకంటే శక్తి గల ఇంజన్లు చాలా ఉన్నాయి, ఇంత బాగా మాట్లాడినవి తక్కువ.

ఈ గొంతు వినడానికి ఆటోమేటిక్ ఎందుకు కావాలి? గేర్లు మార్చే మనిషి విద్వాంసుడు. వేళ్ళు, కాళ్ళు, లెక్క, అన్నీ అతనికి పనే. కచేరీ పూర్తిగా వినేది ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్న రసికుడు.

స్టాగ్‌లో పెట్టినది బోర్గ్-వార్నర్ వాళ్ళ మూడు గేర్ల యంత్రం, 35వ నమూనా. ఇంజనుకూ గేర్లకూ నడుమ క్లచ్ పళ్ళెం లేదు, నూనె ఉంది. నూనెలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజను ఒకదాన్ని తిప్పితే, అది విసిరిన నూనె రెండోదాన్ని తిప్పుతుంది. బండి కదిలే క్షణంలో ఈ ఏర్పాటు తిరిగే బలాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది కూడా. కాబట్టి ఆక్సిలరేటర్ మీద పాదం ఆనించగానే ముందు గొంతు లేస్తుంది, కారు ఒక్క ఊపిరి తరవాత దాని వెంట కదులుతుంది. మడి కట్టుకున్నవాళ్ళు దీన్నే బద్ధకమంటారు. నాకు అది విలంబ కాలం. గంటకు 60 మైళ్ళు అందుకోవడానికి పది సెకన్లు దాటుతుంది, దాటనీ.

కాలు నెమ్మదిగా ఉంచితే రెండోదీ మూడోదీ త్వరత్వరగా పడిపోతాయి. కోట్స్‌వోల్డ్స్ కొండల మధ్య, అడుసు లేకుండా పేర్చిన రాతి గోడల పక్కన, టాపు దించి నలభై మైళ్ళ వేగంతో పోతుంటే ఇంజను మంద్ర స్థాయిలో నిలిచిపోతుంది. గోడ దగ్గరైనప్పుడు ఆ ధ్వని రాళ్ళకు తగిలి చెవి పక్కకు వస్తుంది, గోడ తెగి పొలం రాగానే వెనక్కి జారుకుంటుంది. ఎదురుగా ట్రాక్టరు కనిపించిందనుకోండి. పాదం నేలకంటా నొక్కితే కేబుల్ లాగుతుంది, గేరు ఒకటి దిగుతుంది, గొంతు ఒక్కసారిగా తారస్థాయికి ఎగురుతుంది. ట్రాక్టరు దాటాక మళ్ళీ మంద్రం. ఈ ఆరోహణ అవరోహణల్లో చేతికి పని స్టీరింగ్ ఒక్కటే.

పోలీసుల ముచ్చట ఒకటి చెప్పాలి. 1960ల మొదట్లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు మోటార్‌సైకిలు కుర్రాళ్ళను పట్టుకోవడానికి నల్లటి డైమ్లర్ డార్ట్ స్పోర్ట్స్ కార్లు వాడారు. దాని రెండున్నర లీటర్ల వీ8 ఇంజను కట్టినవాడు మోటార్‌సైకిళ్ళకు పేరుపడ్డ ఎడ్వర్డ్ టర్నర్. పోలీసు డార్ట్‌లు ఆటోమేటిక్‌లే. ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారు వేళాకోళమనేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు.

స్టాగ్‌లో లోపం లేదని కాదు, చాలానే ఉంది. వాటర్ పంపు ఇంజను నెత్తిన ఎక్కి కూర్చుంది. కూలెంట్ కొంచెం తగ్గితే ముందు ఎండిపోయేది అదే. కింద ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్లు. వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది. ఒంటి వరస టైమింగ్ చైన్లు సాగుతాయి. వాటిని ఇరవై అయిదు వేల మైళ్ళకోసారి మార్చడం మేలని తెలిసినవాళ్ళంటారు. ఈ చెడ్డపేరుతోనే దాదాపు 26 వేల బండ్లు చేసి 1977లో ఆపేశారు. అయితే ఆనాడు తయారీలో వదిలేసినవాటిని ఈ యాభై ఏళ్ళలో యజమానులే సరిచేసుకున్నారు. మంచి రేడియేటర్, శుభ్రమైన నీటి దారులు, ఏడాది పొడవునా సరైన కూలెంట్ ఉంటే ఈ ఇంజను లండన్ ట్రాఫిక్‌లోనూ చల్లగానే ఉంటుంది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరికైనా ఈ కోరిక ఉంటే వాళ్ళకు చెప్పేది కొంచెం ఉంది. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి అక్కడ రోడ్డు టాక్సు ఉండదు, మార్పుచేర్పులు పెద్దగా లేకపోతే ఏటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు. ఆటోమేటిక్ లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్ళకు ఇది తెరిచి ఉన్న తలుపు. కారు ఛాసీ నంబరు చివర బీడబ్ల్యూ అని ఉంటే అది ఫ్యాక్టరీలోనే ఆటోమేటిక్‌గా పుట్టింది. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించండి. ముందు వైపు చైన్ల గలగల మొదటి క్షణాల తరవాత కూడా వినిపిస్తుంటే బేరం తగ్గించండి. గేర్‌బాక్సు ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. ఎర్రగా, శుభ్రంగా ఉండాలి. గోధుమరంగు తిరిగి మాడు వాసన వేస్తే లోపల క్లచ్‌లు కాలినట్టే. అరగంట నడిపి, ఆగి, ఇంజను ఆపకుండా ఉష్ణోగ్రత ముల్లు చూస్తూ కూర్చోండి. అమ్మేవాడు మాటలు చెబుతుంటే వినకండి, ముల్లునే చూడండి.

హైవే మీద మూడు గేర్లతో ఇంజను కొంచెం ఎక్కువే అరుస్తుంది. అందుకని కొందరు నాలుగు గేర్ల జెడ్‌ఎఫ్ పెట్టించుకుంటారు. తెలివైన పని, కారు స్వభావం చెడదు. పాత ఇంజను పీకేసి రోవర్ వీ8 పెట్టిన స్టాగ్‌లు కూడా దొరుకుతాయి. చవగ్గా వస్తాయి, నమ్మకంగా తిరుగుతాయి. కానీ ఆ గొంతు దానిది కాదు. అటువంటిది ఎంత తక్కువకిచ్చినా నేను తీసుకోను.