పటిక ఆగమంటుంది, ఇనుము ఆగదు

శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద కసిమి అనే ఇనుప నీళ్లలో ముంచిన కలం తగిలిందంటే గీత నల్లబడుతుంది. అదే గుడ్డ మీద పటిక నీళ్లతో పువ్వు గీస్తే కంటికి దాదాపు ఏమీ ఆనదు. ఆ గుడ్డను ఒక రోజైనా కదపకుండా ఉంచుతారు. ఈ ఓపికే కలంకారీకి ప్రాణం అంటాను. దానికి రసాయనశాస్త్రంలో గట్టి ఆధారం ఉంది.

నీళ్లలో కరిగిన లోహ అయాను ఒంటరిగా ఉండదు. ఇనుమైనా, అల్యూమినియమైనా చుట్టూ ఆరు నీటి అణువులను పెట్టుకుని ఉంటుంది. కరక్కాయలోని టానిన్ గానీ, ఎర్ర రంగునిచ్చే చిరివేరులోని అలిజరిన్ గానీ లోహాన్ని పట్టుకోవాలంటే ముందు ఒక నీటి అణువు చోటు వదలాలి. ద్రావణాన్ని సెకనులో పది లక్షల వంతు కాలంలో కొద్ది డిగ్రీలు వేడెక్కించి, అది మళ్లీ ఎలా సర్దుకుంటుందో కొలిచే పద్ధతిని మాన్‌ఫ్రెడ్ ఐగెన్ రూపొందించాడు. అంత వేగవంతమైన చర్యలను కొలిచినందుకే 1967లో ఆయనకు నోబెల్ వచ్చింది. చాలా లోహాల విషయంలో బంధం ఎంత త్వరగా పడుతుందన్నది వచ్చే అణువు కన్నా వెళ్లే నీటి చేతిలోనే ఎక్కువగా ఉందని ఆ కొలతలు తేల్చాయి.

బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో వారాల తరబడి పులిస్తే కసిమి. అందులోని ఫెర్రస్ అయాను చుట్టూ నీరు సెకనుకు లక్షల సార్లు మారుతుంది. టానిన్ వెంటనే చొరబడుతుంది, గాలి తగిలి నలుపు ముదురుతుంది. పటికలోని అల్యూమినియం దగ్గర మాత్రం ఒక్కో నీటి అణువు సగటున దాదాపు ఒక సెకను కూర్చుంటుంది. సెకనే కదా అనిపిస్తుంది. కానీ పటిక నూలు పోగు లోపలికి ఇంకాలి, ఆరాలి, పోగునూ టానిన్‌నూ గట్టిగా పట్టుకోవాలి. క్రోమియంతో పోలిస్తే ఇదీ నయమే. అక్కడ నీరు కదలడానికి రోజులు పడుతుంది.

ఆ తర్వాత ఏటి పని. పట్టుకోకుండా మిగిలిన పటికను పారే నీరే ఈడ్చుకుపోవాలి. నిలవ నీళ్లలో జాడిస్తే అది పక్కకు పాకుతుంది. శ్రీకాళహస్తి దగ్గరి స్వర్ణముఖి ఏటిలో నీరు పారని రోజుల్లో కళాకారులు పడే ఇబ్బంది ఇదే. చివరికి రంగు కాగులో ఉడికిస్తారు. వేడి బంధాన్ని త్వరపెడుతుంది. చిరివేరు కాగు ఒకటే అయినా అలిజరిన్ పటిక చోట ఎరుపు, ఇనుము చోట ఊదా నలుపు ఇస్తుంది. తెలుగు నేర్చిన ఫ్రెంచి జెస్యూట్ కూర్డూ 1742లోనే కోరమాండల్ తీరపు అద్దకం వరుసను పాలు, కరక్కాయ, పటికలతో సహా వివరంగా రాసి పంపాడు. అప్పటికి లోహ అయాను అన్న ఊహే ఎవరికీ లేదు.

కలంకారీ చీర కొనేటప్పుడు ధరకన్నా ముందు ఎర్ర పువ్వు అంచు చూడండి. పటికకు దాని రోజు దక్కి, గుడ్డకు ఏరు దక్కితే ఆ అంచు తెల్లనేల మీదికి పాకదు.