మూడేళ్లకోసారి మారిపోయే జట్టు

పెద్దపల్లి నుంచి రామగుండం వైపు రాజీవ్ రహదారి మీద వస్తుంటే దారిలో తగిలే ఊరు బసంత్‌నగర్. 1960ల చివర్లో బిర్లాల కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక దాని చుట్టూ కాలనీ పెరిగింది, ఫ్యాక్టరీ అవసరాల కోసం రన్‌వే కూడా పడింది. ఇంకాస్త ముందుకు పోతే ఎన్టీపీసీ, ఆపైన గోదావరిఖని బొగ్గుబాయిలు. ఇక్కడ ఇంటింటికీ షిఫ్టు లెక్క ఉంటుంది. ఆటకూ అంతే. ఎండ ముదరకముందే, లేదంటే పొద్దువాలాకే.

ఈ ప్రాంతపు యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు ఏదని అడిగితే ఏ కాలం సంగతని ఎదురు ప్రశ్న వేయాలి. 1970ల మొదట్లో ఇక్కడి నుంచి డిగ్రీ చదివి యూనివర్సిటీకి ఎంపికైన కుర్రాడు 1918లో పుట్టిన ఉస్మానియాకు ఆడాలి. 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక కరీంనగర్ జిల్లా కాలేజీలు దాని కిందికి వెళ్లాయి. 2008లో కరీంనగర్‌లో శాతవాహన వచ్చింది. ఈ ప్రాంతంలోనే ఉన్న సెంటినరీ కాలనీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివేవాడైతే జేఎన్‌టీయూకు ఆడాలి. తాత ఒక యూనివర్సిటీకి, తండ్రి ఇంకోదానికి, కొడుకు మూడోదానికి ఆడే ఊరు ఇది. జెర్సీ మారినా, ఆటగాళ్లు మూడేళ్ల డిగ్రీ ముగించి వెళ్లిపోయినా, చెక్కుచెదరకుండా నిలిచేది ఒక్కటే: ఆట నేర్పే పద్ధతి. యూనివర్సిటీ జట్టు అసలు చరిత్ర అదే.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి దోమలగూడ దాకా

ఈ ఆటకు పుట్టుక తేదీ, పుట్టించిన మనిషి పేరు రెండూ ఉన్నాయి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ కళాశాల వ్యాయామ ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ చలికాలంలో గదిలో ఆడుకోవడానికి పదమూడు నియమాలు రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీ కమ్మీలకు కొట్టించాడు. అప్పటి పది అడుగుల ఎత్తే ఇవాళ్టి రింగుదీ: 3.05 మీటర్లు. 1896 జనవరిలో షికాగో యూనివర్సిటీ జట్టు అయోవా వెళ్లి, అక్కడి విద్యార్థులతో పక్షానికి ఐదుగురు చొప్పున ఆడి 15-12తో గెలిచింది. యూనివర్సిటీల మధ్య ఐదుగురి ఆటకు అదే తొలిమెట్టుగా చెబుతారు.

1898లో నైస్మిత్ కాన్సాస్ యూనివర్సిటీకి వెళ్లి జట్టు కట్టాడు. ఆటను కనిపెట్టిన మనిషి కోచ్‌గా 55 గెలిచి 60 ఓడాడు! కానీ ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ అదే యూనివర్సిటీలో దశాబ్దాల పాటు కోచ్‌గా ఉండి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అక్కడే 1936లో డిగ్రీ పూర్తి చేసిన జాన్ మెక్‌లెండన్‌ను నల్లజాతివాడైనందుకు జట్టులో ఆడనివ్వలేదు. నైస్మిత్ దగ్గర నేర్చుకున్న ఆటను అతను నల్లజాతి కాలేజీలకు తీసుకెళ్లి, ఫాస్ట్ బ్రేక్ అనే మెరుపు దాడికి మెరుగు పెట్టాడు. 1957 నుంచి 1959 దాకా వరుసగా మూడేళ్లు తన టెనెసీ కాలేజీ జట్టుకు చిన్న కాలేజీల జాతీయ టైటిల్ సాధించిపెట్టాడు.

మన వైపు దారి మద్రాసు మీదుగా వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. 1930ల్లో హైదరాబాద్ దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల వచ్చింది. ఇలాంటి చోట్ల శిక్షణ పొందినవాళ్లే బడుల్లో పీఈటీలు, కాలేజీల్లో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లు అయ్యారు. బాస్కెట్‌బాల్‌లో పురుషుల తొలి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగాయి, జాతీయ సమాఖ్య 1950లో ఏర్పడింది. గోదావరిఖని మైదానంలో ఇవాళ ఒక కుర్రాడు లే-అప్ స్టెప్పు కొలుచుకుంటున్నాడంటే, వెనక నూరేళ్ల గురుపరంపర ఉన్నట్టే.

జట్టు కట్టే తీరు

యూనివర్సిటీ జట్టు ఏటా కొత్తగా పుడుతుంది. ముందు ఇంటర్ కాలేజియేట్ పోటీలు, అక్కడ కంటపడ్డవాళ్లకు సెలెక్షన్స్, ఆ వెంటనే కొద్ది రోజుల కోచింగ్ క్యాంప్. పన్నెండు మంది రైలెక్కి సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు పోతారు. మద్రాస్, కాలికట్, ఎస్‌ఆర్‌ఎం లాంటి గట్టి జట్లు ఎదురయ్యేది అక్కడే. మొదటి మ్యాచ్‌లు నాకౌట్. ఒక్కటి ఓడితే తిరుగు రైలే. జోన్‌లో పైన నిలిచిన నాలుగు జట్లు అఖిల భారత పోటీలకు వెళ్తాయి.

పెద్దపల్లి వైపు ఇద్దరు, జగిత్యాల వైపు ఒకడు, గోదావరిఖని నుంచి ఇద్దరు: క్యాంప్‌కు ముందు ఒకరి ఆట ఒకరికి తెలియని ఐదుగురిని కొద్ది రోజుల్లో జట్టుగా మార్చాలి. యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ మెలకువలన్నీ ఈ ఇబ్బందిలోంచి పుట్టినవే.

అందుకే చాలామంది కోచ్‌లు ముందు జోన్ డిఫెన్స్ పట్టుకుంటారు. మనిషికి మనిషి కాపలా కాయాలంటే పక్కవాడు ఎప్పుడు సాయానికొస్తాడో ముందే తెలిసుండాలి. ఆ లెక్క కుదరడానికి నెలలు పడతాయి. రెండు-మూడు జోన్‌లో ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి ఎవరి జాగా వాళ్లు కాస్తారు. బంతి కుడికి పోతే ఐదుగురూ కుడికి జరుగుతారు, చేతులు దించరు, నోరు మూయరు. "లెఫ్ట్", "కట్టర్", "బాల్" అని కేకలు వినబడకపోతే ఆ జోన్‌కు కాసేపట్లో చిల్లులు పడతాయి. దాని బలహీనత రెండు మూలల్లో, ఫ్రీ త్రో గీత దగ్గరి నడిమధ్యలో ఉంటుంది. అక్కడికి బంతిని వేగంగా చేరవేసే జట్టు దాన్ని ఛేదిస్తుంది. కాలు అలిసిపోతుంది, పాస్ అలిసిపోదు.

రెండో మెలకువ బాక్స్ అవుట్. బంతి రింగు వైపు ఎగరగానే అందరి కళ్లూ దాని వెంట పోతాయి. శిక్షణ ఉన్నవాడు మాత్రం ముందు ఎదుటి ఆటగాణ్ని వెతుకుతాడు, వాడికి వీపు తగిలించి, మోకాళ్లు వంచి, జాగా పట్టుకుని, తర్వాత బంతి వైపు చూస్తాడు. ఆరడుగులు దాటనివాళ్లు ఆరున్నర అడుగులవాళ్ల మీద రీబౌండ్, అంటే తిరిగొచ్చిన బంతి, తీసేది ఇలాగే. పొడగరులు తక్కువున్న జట్టుకు ఇదే ప్రాణం.

రీబౌండ్ చేతికి చిక్కిందా, ఫాస్ట్ బ్రేక్ మొదలైనట్టే. తీసినవాడు డ్రిబుల్ చేయడు. పక్కగీత వైపున్న గార్డ్‌కు ఇస్తాడు, గార్డ్ నడిమి దారి పట్టుకుంటాడు, ఇద్దరు అంచుల వెంట పరుగెత్తుతారు. ఎదుటివాళ్లు జోన్ కట్టుకునేలోపు లే-అప్ పడిపోవాలి. లే-అప్ కూడా లెక్క ప్రకారమే. కుడిచేతివాడు కుడికాలు, ఎడమకాలు వేసి ఎగురుతాడు, బోర్డు మీది దీర్ఘచతురస్రం పై మూలకు బంతిని ఆనిస్తాడు. పైకప్పు లేని సిమెంటు కోర్టుల్లో గాలి వీస్తుంటుంది గనుక బోర్డును నమ్ముకునేవాడికి నష్టం తక్కువ.

ఇక ఫ్రీ త్రో. బోర్డుకు 4.6 మీటర్ల దూరం, ఎదురు ఎవరూ ఉండరు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. తాజాగా ఉన్నప్పుడు వేసిన నూరు కంటే, కోర్టు నిండా పరుగులు తీసి ఊపిరాడనప్పుడు వేసిన పదే పనికొస్తాయి. రెండు పాయింట్ల తేడాతో పోయిన మ్యాచ్ స్కోర్‌షీట్ తీసి చూడండి, తప్పిన ఫ్రీ త్రోలు ఎన్నో కనిపిస్తాయి.

దీని విలువ ఎంత?

విలువ రెండు రకాలు. ఒకటి చేతికి అందేది. ఇంటర్ యూనివర్సిటీలో ఆడినవాడికి వచ్చే ఫారం-3 సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు అర్హతల్లో ఒకటి. బాయి పనికి పోయినవాడి కొడుక్కు అది చిన్న సంగతి కాదు.

రెండోది లెక్కకు అందనిది. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడింది. మన యూనివర్సిటీల్లో బాస్కెట్‌బాల్ ఆడే వేలమందిలో దేశానికి ఆడేది ఏ కొద్దిమందో. మిగతావాళ్లకు ఆట ఇచ్చేది తెలియని నలుగురితో కొద్ది రోజుల్లో కలిసిపోయే నేర్పు, అలుపులోనూ చెప్పిన జాగాలో నిలబడే అలవాటు. ఈ ప్రాంతంలో బొగ్గు సంస్థ సింగరేణి ఏళ్ల తరబడి వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ద్వారా కార్మికులకు పోటీలు పెడుతూ వస్తోందంటే, పనికీ ఆటకూ ఉన్న ఈ సంబంధం తెలిసే.

కప్పులు ఇవాళ కాకపోతే రేపు వస్తాయి. పద్ధతి ఒకసారి తెగితే మళ్లీ అతకదు. అందుకే యూనివర్సిటీలకు మూడు మనవులు. ప్రతి కాలేజీలో పీడీ పోస్టు ఖాళీ లేకుండా చూడండి. క్యాంప్‌ను సౌత్ జోన్ ముందు హడావిడిగా కాకుండా సెమిస్టర్ మొదట్లోనే పెట్టండి. ఏటా వెళ్లిన పన్నెండు మంది పేర్లు, వాళ్ల ఊర్లు, మ్యాచ్‌ల స్కోర్లు ఒక రిజిస్టర్‌లో రాసి భద్రపరచండి. ఇక ఊరివాళ్లకు ఒక మాట: ఉస్మానియాకో కాకతీయకో ఆడిన పెద్దమనిషి మీ కాలనీలో ఉంటే, వారానికి ఒక పూట ఆయన్ను కోర్టుకు పిలవండి. బంతి ఆయన చేతికివ్వండి, ఆయన చెప్పేది పిల్లల్ని విననివ్వండి.