పటమూ, పూటా

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి, పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడని భక్తుల నమ్మకం. అన్ని బెల్లం నీళ్లు ఒలికినా అక్కడ చీమ కనబడదని, ఈగ వాలదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకో ప్రశ్న తోస్తుంది. అసలు చీమ బెల్లం దగ్గరికి ఎందుకు వస్తుంది? ఇసుక రేణువంత తలలో ‘ఇటు నడు’ అని చెప్పేదేమిటి? చిన్న ప్రాణుల నడక వెనుక నాడులు చేసే పని గురించి గత శతాబ్దంలో సాగిన రెండు పరిశోధనలను ఈ ప్రశ్నతో పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి కేంబ్రిడ్జిది, రెండోది మన తిరుపతిది.

కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ ఎంచుకున్నది సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు. దాని పొడవు ఒక మిల్లీమీటరు. అతి పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కో నాడీ తంతువునూ పొర నుంచి పొరకు వెంబడించారు. 1986లో జాన్ వైట్, ఐలీన్ సౌత్‌గేట్, నికోల్ థామ్సన్, బ్రెన్నర్ కలిసి ప్రచురించిన 340 పేజీల వ్యాసంలో ఆ పురుగుకున్న 302 న్యూరాన్లూ, వాటి కలయికలూ ఉన్నాయి. తల తాకితే పురుగు వెనక్కి పోతుంది, తోక తాకితే ముందుకు పోతుంది. ఆ రెండు కదలికలూ ఏ న్యూరాన్ల గుండా నడుస్తాయో మార్టిన్ చాల్ఫీ బృందం 1985లో చూపించింది. లేజరుతో ఒక్కో కణాన్నీ చంపి, ఏ కదలిక ఆగిందో చూశారు. దారి గీసినవాళ్లే ఆ దారి నిజమో కాదో పరీక్షించుకోగలగడం ఈ పద్ధతిలోని గొప్పతనం.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కె. పంపాపతిరావు ఎంచుకున్నది తేలు. మన మండ్రగబ్బల కోవకు చెందిన హెటెరోమెట్రస్ ఫుల్విపెస్. పగలంతా బొరియలో పడుకుని, చీకటి పడ్డాక వేటకు వచ్చే జీవి. దాని నాడుల పనితీరు మీద ఆయన వ్యాసం 1964లో వచ్చింది. ఆ తేలు నాడీదండంలో కొలినెస్టరేజ్ అనే ఎంజైము చురుకుదనం పూటను బట్టి మారుతుందని 1968లో అక్కడి పరిశోధకులు వెంకటాచారి, మురళీకృష్ణ దాస్ రాశారు. నాడి నుంచి నాడికి కబురు మోసే ఎసిటైల్‌కోలీన్‌ను విరిచేది ఈ ఎంజైమే. అంటే కబురు చేరడమే కాదు, కబురు ముగియడం కూడా గడియారాన్ని అనుసరిస్తోంది.

ఇప్పుడు రెంటినీ తూచి చూద్దాం. కేంబ్రిడ్జి పటంలో చోటు ఉంది, కాలం లేదు. అది చనిపోయిన పురుగు పటం. ఏ కలయిక ఉసిగొల్పుతుందో, ఏది ఆపుతుందో గీత ఒక్కటే చెప్పదు. ఆకలిగా ఉన్న పురుగుకూ కడుపు నిండిన పురుగుకూ ఆ పటంలో తేడా లేదు. తిరుపతి లెక్కలో కాలం ఉంది, చోటు లేదు. ఎంజైమును కొలవాలంటే నాడిని నూరాలి. నూరాక ఏ న్యూరాను ఎక్కడుందో చెప్పే వీలుండదు.

నాకు మాత్రం తిరుపతి అడిగిన ప్రశ్నే ప్రవర్తనకు దగ్గరగా కనిపిస్తుంది. ఎండ్రకాయ పొట్టను నడిపే నాడీముడిలో ఉన్నవి సుమారు 30 న్యూరాన్లే. వాటి కలయికలు తెలిశాక కూడా ఆ పటం చూసి లయను ఊహించలేమని నాడీశాస్త్రవేత్త ఈవ్ మార్డర్ దశాబ్దాల పని తేల్చింది. చుట్టూ ఉన్న రసాయనాలు మారితే అవే తీగలు వేరే లయ పలుకుతాయి. 2024లో పండ్ల ఈగ మెదడులోని 1,39,255 న్యూరాన్ల పటం వెలువడింది. అది అపురూపమైన పని. అయినా ఈ పరిమితి దానికీ ఉంది.

చోటూ కాలమూ కలిసిన పరిశోధన కూడా ఉంది. తిరుపతి ఎంజైము వ్యాసం వచ్చిన 1968లోనే నిషీత్సుత్సుజి-ఉవో, పిట్టెండ్రిగ్ బొద్దింక మీద తమ ఫలితం ప్రచురించారు. కంటి వెనుక ఉండే మెదడు తమ్మెలు లేకపోతే దాని రాత్రి నడక లయ తప్పుతుందని చూపారు. గడియారానికి చిరునామా దొరికింది.

మన ఇంటర్ పిల్లలు అదే బొద్దింక బొమ్మ గీసి, ఛాతీలో 3, పొట్టలో 6 నాడీముడులు గుర్తిస్తారు. మార్కులు పడతాయి. లైటు ఆర్పాకే అది వంటింట్లోకి ఎందుకొస్తుందని ఎవరూ అడగరు. సగం చదువు అక్కడే ఆగిపోతోంది. బొమ్మ గీయించిన చేత్తోనే, ఒక రాత్రి మేలుకుని అది ఏ గంటకు బయటికొచ్చిందో రాయించాలి. తిరుపతి మేష్టర్లు తేలు నాడిలో చూసినదీ ఈ పూటల తేడానే.

కొండ మీద చీమ వచ్చిందా రాలేదా అన్నదీ ఒక ప్రవర్తన గురించిన మాటే. బెల్లం వైపు నడవడానికి చీమలో దారి ఉందో లేదో పటం చెబుతుంది. ఈ పూట, ఈ చోట అది ఆ దారి పట్టిందా అన్నది దగ్గర కూర్చుని చూసినవాడే చెప్పాలి.