నీటి బరువు చదివేవాళ్లు
మంగినపూడి ఒడ్డున ఎంత చూపున్నవాడికైనా వచ్చే సునామీ ముందుగా కనబడదు. నడిసంద్రంలో అది పడవను కూడా కుదపదు. దాన్ని అక్కడే పసిగట్టే హైదరాబాదు ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉద్యోగుల పనితనాన్ని మెచ్చుకోవాలి. సుమత్రా దగ్గర కడలి అడుగు కంపిస్తే వాళ్లు మొదట తీవ్రత, లోతు చూస్తారు. అసలు సాక్ష్యం మాత్రం సముద్రగర్భంలోని పీడన మాపకాలది. వేల మీటర్ల నీటి కింద కూర్చుని, పైన మట్టం ఒక్క సెంటీమీటరు పెరిగినా ఆ బరువు పట్టుకుని, ధ్వని తరంగాలతో పైన తేలే బోయాకు, అక్కణ్నుంచి ఉపగ్రహానికి కబురంపుతాయవి. వచ్చిన గీతలోంచి ఆటుపోట్ల వంతు తీసేస్తే మిగిలే చిన్న మెలికే సునామీ. నాలుగు కిలోమీటర్ల లోతులో దాని వేగం గంటకు సుమారు 700 కిలోమీటర్లు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కూడా మనకు రెండు గంటలకు పైగా వ్యవధి దొరికింది, చెప్పే ఏర్పాటే లేదు. ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది.

భూకంపాన్నే ముందుగా చెప్పలేనివాళ్లు సునామీని ఏం చెబుతారని అడగొచ్చు. వాళ్ల లెక్క అల బయల్దేరాకే మొదలవుతుంది, మనకు ఆ మాత్రం చాలు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 తీవ్రతతో భూమి కంపించినా, పలకలు పక్కకు జరగడంతో నీరు పెద్దగా లేవలేదు. అలాంటప్పుడు ఊళ్లు ఖాళీ చేయించకుండా ఆగగలగడమూ నేర్పే. రెండుసార్లు ఉత్తినే పరుగెత్తించిన జనం మూడోసారి కదలరు. అరుదైన ఆపదకు ఇంత ఖర్చెందుకన్న మాటకు దివిసీమలోనే జవాబుంది. 1977 నవంబరు 19న అక్కడ ముంచెత్తిన ఉప్పెన సునామీ కాదు, తుపాను తోసిన నీరు. అయితే రేవుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు, తీరపు ఎత్తుపల్లాల పటాలు రెండింటికీ పనికొస్తాయి. తుపాను ఉప్పెనల అంచనాలనూ ఈ సంస్థే ఇస్తుంది.