చిన్న కన్నం, లోపల మణికట్టు

రుద్రారం, పటాన్‌చెరు కార్ఖానాల్లో లేత్ ముందు నిలబడే వాళ్లకు పనిముట్టు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ చుట్టుపక్కలే సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాది పడింది; గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లు ఇప్పుడక్కడ తయారవుతున్నాయి. గర్భసంచి ఆపరేషన్లలో వాడే కీహోల్ (చిన్న కన్నాల గుండా చేసే పద్ధతి), రోబో పరికరాలను కూడా పనిమంతుల కళ్లతో చూస్తేనే వాటి తేడా తెలుస్తుంది.

రెండింటికీ లోపలికి దారి ఒకటే. చాలామంది సర్జన్లు మొదట బొడ్డు దగ్గర వెరెస్ సూది దింపుతారు. హంగరీ డాక్టర్ యానోష్ వెరెస్ 1938లో దీన్ని ప్రకటించింది క్షయ రోగుల ఛాతీలోకి గాలి ఎక్కించడానికి. బయటి గొట్టం అంచు పదును. లోపల మొద్దు మొన ఉన్న కడ్డీ, దాని వెనక స్ప్రింగ్. పొరలు ఎదురొత్తినంతసేపూ మొద్దు మొన వెనక్కి తగ్గి పదునుకు పని ఇస్తుంది. సూది ఖాళీలోకి చేరగానే స్ప్రింగ్ మొద్దు మొనను ముందుకు తోస్తుంది. పేగులకు గాయమయ్యే ప్రమాదం అలా తగ్గుతుంది. ఆ సూదిలోంచి కార్బన్ డయాక్సైడ్ నింపి, 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో పొట్టను ఉబ్బిస్తారు. ఆ వాయువు కణజాలాన్ని కాల్చే కాటరీ పరికరం వేడికి అంటుకోదు. రక్తంలో త్వరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది.

కీహోల్ పద్ధతిలో పనిముట్టు చాలావరకు 5 మిల్లీమీటర్ల తిన్నని కడ్డీ. దానికి నాలుగే కదలికలు: లోపలికీ బయటికీ, పైకీ కిందికీ, పక్కలకు, తన చుట్టూ తాను. పొట్ట గోడ ఇరుసవుతుంది కాబట్టి చెయ్యి ఎడమకు పోతే మొన కుడికి పోతుంది. ఫైబ్రాయిడ్ గడ్డను తీశాక మిగిలిన గుంతను పొర మీద పొరగా కుట్టడంలో ఈ కష్టమంతా బయటపడుతుంది. రేపు బిడ్డను మోయాల్సిన కండరం అది. కుట్టు వదులైతే కుదరదు. కడ్డీ వంగదు కనుక, కన్నం ఎక్కడ పెట్టాలో, సూదిని ఏ కోణంలో పట్టాలో సర్జన్ ముందే లెక్క వేసుకోవాలి. 1988లో అమెరికాలో సర్జన్ హ్యారీ రీచ్ ఈ పద్ధతిలో గర్భసంచి తొలగించడం వెనుక అంతటి చేతి సాధన ఉంది.

రోబో ఆ కడ్డీ చివర మణికట్టు పెట్టింది. డావిన్చీ అనే రోబో యంత్రంలో పనిముట్టు సుమారు 8 మిల్లీమీటర్లు. దాని కొసన చిన్న గిలకల మీదుగా టంగ్‌స్టన్ తీగలు సాగుతాయి. సైకిల్ బ్రేకు తీగలాగా వెనక మోటారు లాగితే ముందు మొన వంగుతుంది. సర్జన్ కాస్త దూరంలో కూర్చుని, లోతు కనిపించే త్రీడీ బొమ్మలో చూస్తూ పిడులు కదుపుతారు. చెయ్యి మూడు సెంటీమీటర్లు జరిగితే మొన ఒక సెంటీమీటరే జరిగేలా అమర్చుకోవచ్చు. చేతి వణుకును యంత్రం వడగడుతుంది. పొట్ట గోడ దగ్గరి బిందువు కదలకుండా ఉండేలా యంత్రం భుజాన్ని రూపొందించారు, కోత దగ్గర ఒరిపిడి తగ్గడానికి. ప్రతి పనిముట్టుకూ వాడకం లెక్క ఉంటుంది. పరిమితి నిండితే పక్కన పెట్టేస్తారు. యంత్రం తనంతట తాను కోసేది, కుట్టేది ఏమీ లేదు. చాలాకాలం స్పర్శ కూడా చేతికి అందలేదు. దారం ఎంత బిగిసిందో కంటితోనే పోల్చుకునేవారు. 2024లో అమెరికా అనుమతి పొందిన కొత్త నమూనాలో, ఒత్తిడిని చేతికి తెలిపే పనిముట్లు వచ్చాయి.

మరి రోగికి ఏది మేలు? మామూలు గర్భసంచి ఆపరేషన్లో, నేర్పరి చేతిలో, రెండింటి ఫలితాలూ దాదాపు సమానం, రోబోకు ఖర్చెక్కువ. కుట్లు ఎక్కువ పడే చోట, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) అవయవాలను అతికించేసిన చోట, స్థూలకాయం ఉన్నప్పుడు మణికట్టు సర్జన్ శ్రమను తేలిక చేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో మాత్రం 2018లో వెలువడిన పెద్ద అధ్యయనం, కీహోల్, రోబో పద్ధతుల కన్నా పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌తోనే రోగులు మెరుగ్గా బతికారని తేల్చింది. పనిముట్టు ఎంత గొప్పదైనా జబ్బును బట్టే దాన్ని ఎంచుకోవాలి.

గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో అత్యధిక శాతం ఉన్నది తెలుగు రాష్ట్రాల్లోనే. అందుకే డాక్టరును మొదట అడగాల్సింది ఆపరేషన్ నిజంగా అవసరమా అని. అవసరమని తేలాక, ఏ యంత్రం ఉందన్న దానికన్నా ఆ పద్ధతిలో ఆ సర్జన్ చెయ్యి ఎంత తిరిగిందన్నదే ముఖ్యం. వెరెస్ స్ప్రింగు, రీచ్ కుట్టు, టంగ్‌స్టన్ తీగ, మూడూ ఆ చేతిని నమ్మి చేసినవే.